పొయ్యికొక పోగు

మా మేనత్తను సమాధి చేసిన రోజున, మన్ను పోయకముందు, పాస్టరయ్యగారు నా వైపు తిరిగి "మేనల్లుడివి, పైగా అయ్యవారివి, రెండు మాటలు చెప్పు నాయనా" అన్నారు. రెండు మాటలు చెప్పమంటే ఇరవై చెప్పే అలవాటు నాకుంది. గొంతు సవరించుకొని, కోటు గుండీ పెట్టుకొని, "మా అత్త గొప్ప వంటమనిషి" అని మొదలుపెట్టాను. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత బండి కదల్లేదు. మార్కాపురం బడిలో నాతో పనిచేసే ఇద్దరు అయ్యవార్లు, పై కులాలవాళ్లు, మర్యాద కోసం అంత దూరం రైలెక్కి వచ్చి తుమ్మచెట్టు నీడన నిలబడి ఉన్నారు. వాళ్లను చూసేసరికి నా నాలుక మడత పడింది. "రకరకాల వంటలు చేసేది" అన్నాను. "అనేక రుచికరమైన పదార్థాలు" అన్నాను. పదార్థాలు అనే మాటను మూడుసార్లు వాడాను.

వెనక నిలబడ్డ మా పల్లె ముసలామె ఒకామెకు ఓపిక అయిపోయింది. "పెద్దకూర అని చెప్పు నాయనా. సచ్చినామె సిగ్గుపడదులే" అంది.

గొడ్డుమాంసాన్ని మా వైపు పెద్దకూర అనే అంటారు. గోతి చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఏడుస్తున్నవాళ్లు కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. పాస్టరయ్యగారు దగ్గు తెచ్చుకొని పాట ఎత్తుకున్నారు. నేను పక్కకు తప్పుకొని, అందరికంటే ముందు మన్ను పోశాను. దుఃఖం పట్టలేక అనుకున్నారు. నిజానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆ రోజు ఆగిపోయిన మాటను ఇప్పుడు పూర్తి చేద్దామని కూర్చున్నాను. మా అత్త గొడ్డుమాంసం వండేది. నాలుగు ఇళ్ల పద్ధతుల్లో వండేది. నాలుగూ కడుపారా తిన్నాను. తిని, మూతి తుడుచుకొని, తిననట్టు ఊళ్లో తిరిగాను. ఇది ఆమె గురించి రాస్తున్నదే గాని మధ్యమధ్య నేను అడ్డం వస్తుంటాను. అది నా పాత జబ్బు.

మాది రాచర్ల దగ్గర ఒక ఊరి మాదిగపల్లె. మా అమ్మ నన్ను కని పోయింది. అత్త అప్పటికే మొగుణ్ణి పోగొట్టుకొని తమ్ముడి ఇంటికి, అంటే మా నాయన దగ్గరికి, వచ్చేసి ఉంది. ఇంట్లో మూడు నోళ్లకు మా నాయన కూలి చాలదని ఆమె కంభంలో మిషనరీ దొరసాని బంగ్లాకు పనికి పోయింది. మొదట అంట్లు తోమింది. తర్వాత కూరలు తరిగింది. చివరికి వంటిల్లు ఆమె చేతికొచ్చింది. నెలకో రెండు నెలలకో ఇంటికొచ్చేది. పల్లెలో ఎద్దును కోసే రోజు ఆమెకు ఎట్లా తెలిసేదో, సరిగ్గా ఆ పొద్దుటికి మూటతో దిగేది.

బంగ్లాలో నేర్చుకున్న కూర పేరు ఇష్టూ. దొరసాని తోటలో క్యారెట్టు, ఉర్లగడ్డ పండేవి. మా పల్లెకు క్యారెట్టంటే పుస్తకంలో బొమ్మ. అత్త దాని బదులు ముల్లంగి వేసేది. గోధుమపిండి బదులు జొన్నపిండిని ఆ మాంసం కొవ్వులోనే ఎర్రగా వేయించి పులుసులో కలిపేది. ఒక ఉల్లిగడ్డ, నాలుగు మిరియాలు, రెండు లవంగాలు. కారం చిటికెడు కూడా లేదు. మొదటిసారి తిన్న రోజు మా నాయన నోట్లో ముద్ద పెట్టుకొని చాలాసేపు ఆలోచించాడు.

"ఏందక్కా, జబ్బు మనిషికి వండినట్ల వండినావే?"

"దొరలు దినామ్మూ ఇదే తింటారు. వాళ్లకేమన్నా జబ్బు ఉండాదా?"

"అందుకేనేమో అట్ల పాలిపోయి ఉండారు" అన్నాడు నాయన. అని, ఇంకో గరిటె వేయించుకున్నాడు.

ఇష్టూ వండిన రోజు నేలమీద కూర్చొని తినడానికి వీల్లేదు. రెండు గంపలు బోర్లించి వాటిమీద చెక్క పరిచి బల్ల చేసేది. నాకు వేపపుల్ల చీల్చి ముల్లుచెంచా చేసిచ్చింది. ఎడమచేత్తో గుచ్చాలి. నోరు మూసుకొని నమలాలి. చప్పుడు కాకూడదు. సంకటి ముద్దను కూడా కత్తితో కోసుకోవాలి. కత్తి లేదు కాబట్టి కొడవలి. నోరు మూసుకొని నమిలే విద్య మా పల్లె మొత్తం మీద నాకొక్కడికే వచ్చు. ఆ ఒక్క విద్యతో నేను తర్వాత చాలా దూరం పోయాను. ఎంత దూరమంటే, నేర్పిన మనిషి కనపడనంత దూరం.

బంగ్లా దొరసానిని కంభం నుంచి మార్కాపురానికి మార్చాక, అత్త దొనకొండలో రైలు డ్రైవరు ఇంట్లో చేరింది. వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. అక్కడి నుంచి మాంసపు ఉండల కూర తెచ్చింది. మెత్తటి కండను రోట్లో వేసి నలగదంచి, ఉండలు చేసి, కొబ్బరిపాల పులుసులో వదలడం. మా ఇంట్లో కొబ్బరి లేదు, వేరుశనగ పాలు పోసేది. వాళ్లు ఉల్లిగడ్డను సిర్కాతో, అంటే వెనిగరుతో, నూరి చేసుకునే ఎర్రటి పచ్చడికి దెయ్యం పేరు పెట్టుకున్నారట. ప్రార్థన చేసుకొని తినే కంచంలో దెయ్యమెందుకని అత్త దాన్ని డ్రైవరు పచ్చడి అనేది. వాళ్లింట్లో ఆమెకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. "వాళ్లు గూడా మన మాదిరే మిరియాల చారు తాగుతారబ్బయ్యా. అన్నంలోకి పోసుకొని, జుర్రుకుంటారు. చప్పుడు చేస్తారు!" అని వచ్చిన ప్రతిసారీ చెప్పేది. డ్రైవరు దొర చారు జుర్రినట్టు జుర్రి చూపించేది. బంగ్లా దొరసాని నేర్పిన మర్యాద అంతా ఆ ఒక్క జుర్రుతో వదిలిపోయేది.

ఆ తర్వాత గిద్దలూరులో తోళ్ల వ్యాపారం చేసే సాయిబు ఇంట్లో కొన్నాళ్లు పనిచేసింది. అక్కడ దాల్చా నేర్చుకుంది. శనగపప్పు, సొరకాయ, ఎముకతో ఉన్న మాంసం, చింతపులుసు. సాయిబు భార్యకూ మా అత్తకూ ఎంత స్నేహమంటే, చింతపండు ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా అన్నదాని మీద ఇద్దరూ పది రోజులు మాట్లాడుకోలేదు.

ఇక నాలుగోది మనదే. ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఎండబెట్టిన మాంసం తునకలు. వాటిని నిప్పుల మీద కాల్చి, రోట్లో ఒక పోటు పొడిచి, గోంగూరలో వేసి ఉడికించడం. దీనికి బల్ల లేదు, చెంచా లేదు. ప్రార్థన కూడా కూరను బట్టే మారేది. ఇష్టూ ముందు కళ్లు మూసుకొని ఇంగ్లీషులాంటిది ఏదో గొణిగేది. దాల్చా ముందు సాయిబు భార్య నేర్పిన మాట ఒకటి అని, వెంటనే మన ప్రభువుకు క్షమాపణ చెప్పుకునేది. తునకల కూర ముందు మాత్రం "ప్రభువా, సల్లారిపోతాది" అని మొదలుపెట్టేది.

ఏ కూరైనా ఆమె రుచి చూసేది కాదు. చెవి పెట్టేది. కుండ మూత దగ్గరికి చెవి ఆనించి, కళ్లు చికిలించి, "ఇంకా గొణుగుతా ఉండాది" అనేది. మాంసం మెత్తబడితే కుండ గొణుగుడు మాని గుటకలు వేస్తుందట. నాకు ఆకలి వేసి ఎంతసేపని ఏడిస్తే, "పదేండ్లు కాడి మోసిన ఎద్దు నాయనా. నిన్ను ఒక్క గడియ గోడకు నిలబెడితేనే మోకాళ్లు బిగుసుకుంటాయి, దానికెంత బిగుసుకోని ఉండాల?" అనేది. నిప్పు పెంచేది కాదు. ఊక చల్లి, పిడక సర్ది, ముక్కుపుడక ఎర్రగా మెరుస్తుంటే కూర్చునేది. ఆమె కుడిచెవి తమ్మె మీద ఆవిరి కాలిన మచ్చ ఉండేది.

ఇంతకూ ఆ మాంసం ఇంటికి ఎట్లా వచ్చేదో చెప్పాలి. నా తప్పంతా అక్కడే ఉంది.

మా పల్లెలో మాంసం కొనేవాళ్లు కాదు. పోగు ఎత్తుకునేవాళ్లు. పండగకు, లేదంటే పనులు లేని కాలంలో, కాడికి పనికిరాని ఎద్దును అందరూ కలిసి తెచ్చి కోస్తారు. ఈతచాపల మీద మోదుగాకులు పరిచి, పల్లెలో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో అన్ని పోగులు వేస్తారు. ప్రతి పోగులోనూ కండ ఇంత, ఎముక ఇంత, కాలేజం ఇంత, పేగు ఇంత, కొవ్వు ఇంత ఉండాలి. అప్పుడు పల్లె పెద్ద ఒక్కొక్క పొయ్యినీ దాని యజమాని పేరుతో పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు "ఉండాం" అంటారు, పోగు ఎత్తుకుంటారు. యజమాని చచ్చిపోయినా, పొయ్యి వెలుగుతున్నంత కాలం పిలిచేది ఆ పేరే.

నేను ట్రైనింగు చదువుతుండగా మా నాయన పోయాడు. అత్త పనులు మానేసి ఇల్లు పట్టుకొని ఉండిపోయింది. పోగులు వేసిన రోజు పల్లె పెద్ద మా నాయన పేరే పిలిచేవాడు. అత్త "ఉండాం" అనేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

ట్రైనింగు ముగిసి మార్కాపురం మిషను బడిలో అయ్యవారినయ్యాను. కోటు కుట్టించుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా కొత్త అయ్యవారినైన నాకు నాగరికత పట్టుకుంది. తోటి అయ్యవారొకరు ఒకసారి నన్ను తేరిపార చూసి, "మిమ్మల్ని చూస్తే అట్లాంటివాళ్లలా లేరండీ" అన్నారు. ఎట్లాంటివాళ్లని నేను అడగలేదు. ఆ మాటను మెడల్ లాగా గుండెకు తగిలించుకొని వారం రోజులు తిరిగాను.

ఆ వారం చివర ఇంటికి పోయి, ఆదివారం ఆరాధన అయినాక పల్లెవాళ్లను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. ఆరోగ్యం, శుభ్రత, నాగరికత అని మూడు భాగాలు. మూడో భాగం చివర చెయ్యి పైకెత్తి, "ఇకమీదట మా ఇంటికి పోగు వద్దు" అని ప్రకటించాను. చప్పట్లు కొడతారనుకున్నాను. ఎవరో పిల్లవాడు చీమ కుట్టి ఏడ్చాడు.

పల్లె పెద్ద, నాకు వరసకు తాత, గడ్డం గోక్కుంటూ అడిగాడు. "ఇంట్లో అడిగినావా అబ్బయ్యా?"

"ఇంటికి పెద్దను నేనే కదా తాతా."

"అదీ నిజమే" అన్నాడు తాత. ఆడవాళ్లలో కూర్చున్న మా అత్త వైపు ఒకసారి చూశాడు. ఆమె తలమీద కొంగు సర్దుకుంది. "సరే. పొయ్యి నీది. నువ్వు వద్దంటే వద్దు" అని లేచాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో బడిలో పిల్లలకు ఎన్నోసార్లు అర్థం చెప్పాను. అర్థం చెప్పేటప్పుడు చెయ్యి కూడా కాలదు.

తర్వాత నెలకే మార్కాపురం బంగ్లాలో క్రైస్తవ అయ్యవార్లందరికీ విందు పెట్టారు. తెల్లబట్ట పరిచిన బల్ల, నిజమైన ముల్లుచెంచాలు. మూత తీయగానే వాసన తెలిసింది. ఇష్టూ. క్యారెట్టుతో సహా. ఎడమచేత్తో గుచ్చి, నోరు మూసుకొని, చప్పుడు కాకుండా తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను. మేకమాంసం అనుకొని తిన్నానని చెప్పుకోవచ్చు గాని, అనుకోలేదు. దొరసాని నా చేతివాటం చూసి మురిసిపోయి, "కంభంలో మా దగ్గర ఒకామె ఉండేది. ఆమె ఇష్టూ ముందు ఇది దిగదుడుపే. ఆమెది మీ వైపేననుకుంటాను, తెలుసా?" అని అడిగింది. బైబిల్లో పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. నాకు ఆ శ్రమ కూడా లేదు. నోటినిండా కూర ఉంది. తల అడ్డంగా ఊపాను.

మళ్లీ ఇంటికి పోయింది ఎండాకాలం సెలవుల్లో. చెప్పకుండా పోయాను. వాకిట్లోకి వచ్చేసరికి మా అత్త నాలుగు పొయ్యిలు పెట్టుకొని నాలుగు కుండలకు చెవి ఆనిస్తూ తిరుగుతోంది. ఒకదాంట్లో దాల్చా, ఒకదాంట్లో ఇష్టూ. నాకు లోపల నవ్వొచ్చింది. నేను మానేశానే గాని ఈమె మానలేదు, మంచిదే అనుకున్నాను. ఇంతలో పక్కింటామె వచ్చి ఒక కుండ ఎత్తుకుపోయింది. ఎదురింటామె ఇంకొకటి ఎత్తుకుపోయింది. నాలుగూ పోయాయి. అత్త గరిటె కడిగి, గూట్లోంచి గంజి ముంత తీసుకొని, నన్ను చూసింది.

"మన కుండ ఏది?" అన్నాను.

"మన పొయ్యికి పోగు లేదు గదా నాయనా. నువ్వే గదా వద్దనింది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. చెంబు ఎక్కడుందంటే గూట్లో ఉంది అన్నట్టు చెప్పింది. పక్కవాళ్లు వాళ్ల పోగులు తెచ్చి "బంగ్లా కూర చెయ్యి వదినా", "రైలు కూర చెయ్యి పెద్దమ్మా" అంటే చేసి పెడుతోందట. వాళ్లు ఇంత పెడతామంటే వద్దంటోందట. నా ఉపన్యాసంలో నాగరికత ఉంది, ఆరోగ్యం ఉంది. అత్త కంచం లేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది.

చదువుకున్నవాణ్ణి కదా, దీనికొక ఉపాయం కనిపెట్టాను. మర్నాడు గిద్దలూరు పోయి కసాయి కొట్టులో మాంసం కొన్నాను. ఎవరైనా చూస్తే ఎట్లా? అయిదో తరగతి లెక్కల పేపర్లలో చుట్టించి, గొడుగులో దాచి, గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం. నెత్తి మాడిపోతోంది. చంకలో గొడుగు, విప్పడానికి లేదు. ఊరు దాటేసరికి వెనక ఒక కుక్క. మైలు నడిచేసరికి మూడు. చేలో నుంచి మా ఊరి రెడ్డి ఒకాయన కేకేశాడు.

"ఏందయ్యవారూ, ఇంత ఎండలో గొడుగు మూసుకోని పోతా ఉండారు?"

"ఎండ ఆరోగ్యానికి మంచిదండీ" అన్నాను.

ఆయన నా వెనక చూశాడు. "కుక్కలకు గూడానా?"

ఇంటికి చేరేసరికి ఊరేగింపుతో చేరాను. అత్త గొడుగు విప్పి, పొట్లం విప్పి, వాకిట్లో కూర్చున్న కుక్కల్ని చూసి, పడీపడీ నవ్వింది. నవ్వుతూనే దంచి ఉండల కూర చేసింది. చెవి పెట్టింది. దించింది. గిన్నెల్లో పోసి పక్కిళ్లన్నిటికీ పంచింది. తను ముట్టలేదు.

"తినడానికే కదా తెచ్చింది?" అన్నాను కోపంగా. కోపం ఎండది.

"కూరకు నాకు కరువేంది నాయనా? నాలుగు వాకిండ్లల్లో యాడ కూసున్నా పెడతారు." కొంగుతో కుడిచెవి తుడుచుకుంది. "పోగులు ఏసేటప్పుడు తాత అందరి పేర్లూ పిలుస్తాడు గదా. మీ నాయన పేరు పిల్చడం లేదు. ఆ పక్కోళ్ల పేరు, ఈ పక్కోళ్ల పేరు పిలుస్తాడు, మధ్యలో నా తమ్ముడు లేడు. నీకు జెప్పి ఏం లాభమని ఊరకుండినా. ఆ పిలిసే పొద్దు నేను ఆడ ఉండలేక చేలోకి పోతా ఉండా."

మా నాయన చచ్చిపోయిన రోజు కూడా నేను ఆమె ముందు ఏడవలేదు, మగవాణ్ణని. ఆ రోజు ఏడ్చాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచింది. కొంగంతా మసాలా, కళ్లు ఇంకా మండాయి.

వెంటనే పోయి తాత కాళ్లు పట్టుకున్నానని రాసుకుంటే బాగుంటుంది. పట్టుకోలేదు. చెయ్యెత్తి అందరి ముందు వద్దన్నవాణ్ణి, ఏ మొహంతో కావాలనాలి? ఎవరూ లేనప్పుడు తాతను పక్కకు పిలిచి చెవిలో చెప్పి చూశాను. తాతకు చెవుడు లేదు గాని ఆ పూట వచ్చింది. "వద్దన్నది నలుగురిలో. కావాలనేది గూడా నలుగురిలోనే" అన్నాడు. అట్లా దసరా సెలవులు కూడా గడిచిపోయాయి. క్రిస్మసు ముందురోజు పొద్దున పోగులు వేస్తారని తెలిసి, అంతకుముందు రోజే ఇంటికి పోయాను. మళ్లీ ఆమె ఆ పూట చేలోకి పోతే ఇక నేను ఆ ఇంటికి రావడం దండగ అనిపించింది.

చాపలు పరిచారు. పల్లెంతా చుట్టూ చేరింది. నేను లేచి నిలబడి, ఈసారి భాగాలేమీ లేకుండా, "మా పొయ్యికి పోగు కావాలి" అన్నాను.

తాత గడ్డం గోక్కున్నాడు. "వద్దన్న నోటితోనే కావాలంటే సరిపోదు గదా అయ్యవారూ. చెయ్యి గూడా పెట్టాల. ఈ తూరి పోగులు నువ్వెయ్యి."

కోటు విప్పాను. వినయం కొద్దీ కాదు, మరక పడుతుందని. ముప్పై నాలుగు పొయ్యిలు, మాదీ కలిపి. భాగహారం బడిలో అందరికంటే నేనే బాగా చెబుతానని పేరు. ఎద్దును ముప్పై నాలుగుతో భాగించాను. కండ దాదాపు సరిపోయింది. శేషం ఒక తల, రెండు కాళ్లు, ఎవరికెంత పెట్టానో మరిచిపోయిన కాలేజం. బడిలోనైతే శేషాన్ని పక్కన రాసి ఊరుకుంటాం. ఇక్కడ ఆ శేషాన్నే చూస్తూ ఆడవాళ్లంతా నడుముల మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నారు.

"అయ్యవారూ, ఈ పోగుకు పేగు లేదు."

"ఆ పోగుకు కాలేజం రెండు తూర్లు ఏసినావు. అదెవురిది, మీ చిన్నమ్మదా?"

"ఎముకలన్నీ ఈ వరసకేనా? ఈ వరసోళ్లం కుక్కలమా?"

మోకాళ్లు బిగుసుకుపోయాయి. మోచేతులదాకా నెత్తురు. ముక్కు దురద పెట్టింది, గోక్కున్నాను. అంతా నవ్వారు. మా అత్త ముందు వరసలో గొంతుక్కూర్చొని, చేతులు మోకాళ్ల చుట్టూ కట్టుకొని చూస్తోంది. సాయానికి రాలేదు. చివరికి తాత వంగి, రెండు వేళ్లతో ఇక్కడి ముక్క అక్కడికి, అక్కడి ముక్క ఇక్కడికి జరిపాడు. నేను పొద్దు ఎక్కేదాకా చేసిన తప్పులన్నీ చుట్ట కాలినంత సేపట్లో సర్దేశాడు. ఆఖరు పోగును మాత్రం ముట్టుకోలేదు. పోగులు వేసినవాడికి ఆఖరు పోగు, అదీ మా ఆచారం. అందుకే పోగులు వేసేవాళ్లెవరూ తప్పు వేయరు.

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కొక్కరు "ఉండాం" అని వచ్చి ఎత్తుకుపోతున్నారు. చాపలు ఖాళీ అవుతున్నాయి. అత్త చేతులు మోకాళ్ల చుట్టూ బిగుసుకున్నాయి. ఆఖరుకు తాత మా నాయన పేరు పిలిచాడు. ఇంటి పేరుతో సహా, నిదానంగా, బతికున్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు.

అత్త లేచింది. "ఉండాం" అంది. దొనకొండ స్టేషనులో రైలు కూత వేసినట్టు అంది.

పోగులో దవడ ఎముక ఒకటి, గిట్ట దగ్గరి నరం, మూరెడు పేగు, కండ పేరుకు కాస్త. ఆమె ఆకుతో సహా రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగా ఏసినావు అయ్యవారూ. పగోడికి గూడా ఇట్ల ఎయ్యరు" అంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. మా ఇల్లు చాపలకు నాలుగడుగుల దూరం. ఆమె పల్లె చుట్టూ తిరిగి, చర్చి ముందు నుంచి, ప్రతి వాకిట్లోనూ ఒక మాట ఆగి, ఆ ఎముకను ఊరేగించి ఇల్లు చేరింది.

గోంగూరలో వండింది. మధ్యాహ్నందాకా చెవి పెడుతూనే ఉంది. దించాక ఒకే కంచం పెట్టుకొని, తలుపు తెరిచే ఉంచి, గడప దగ్గర కూర్చొని తినడం మొదలుపెట్టింది. నేను పుట్టిన తర్వాత అత్త వేడి కూర తినడం అదే మొదటిసారి చూడటం. ఎప్పుడూ అందరికీ పెట్టి, అడుగున ఉన్నది తినేది. దవడ ఎముకను చప్పుడు చేస్తూ జుర్రింది. నేను ఎదురుగా కూర్చొని ఉమ్మి మింగుతున్నాను.

"నాకు పెట్టవా అత్తా?"

"నువ్వు మానేసినావు గదా?"

"పెట్టు."

"వాకిలి తీసి ఉండాది. ఎవురన్నా చూస్తారు నాయనా."

"చూడనీ, పెట్టు" అన్నాను. తన కంచంలోంచే ఒక ముద్ద కలిపి పెట్టింది.

అంతటితో నేను మారిపోయానని ఎవరూ అనుకోకండి. పల్లెలో తినేవాణ్ణి, మార్కాపురం రైలు దిగి మానేసేవాణ్ణి. కోటు కూడా అట్లాగే, గిద్దలూరులో విప్పి, తిరుగుదారిలో తొడుక్కునేవాణ్ణి. అత్తకు ఇదంతా తెలుసు. పోగు రోజు వస్తే మాత్రం ఆమె చేలోకి పోలేదు. ఏళ్ల తరబడి, ముందు వరసలో కూర్చొని, తమ్ముడి పేరు విని, "ఉండాం" అని లేచేది. చివరి ఏడాది కళ్లు కనపడక పోగు దగ్గరికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని తీసుకుపోయేవాళ్లు. చెవి మాత్రం బాగా పనిచేసేది.

ఆమె పోయిన నెలన్నరకు ఈస్టరు వచ్చింది. ముందురోజు పోగులు వేస్తారు. వెలగని పొయ్యికి పోగు ఉండదు కాబట్టి తెల్లవారగానే పల్లెకు చేరి పొయ్యి ముట్టించాను. పొగ తప్ప మంట రాలేదు. పక్కింటామె వచ్చి ఊది వెళ్లింది. ఉట్టి నీళ్ల కుండ దానిమీద పెట్టి, పోయి అత్త కూర్చునే చోట కూర్చున్నాను. కోటుతోనే కూర్చున్నాను, విప్పడం మరిచిపోయి.

తాతకు ఇప్పుడు నడుము వంగిపోయింది. ఒక్కొక్క పేరూ ఊపిరి తీసుకుంటూ పిలుస్తున్నాడు. మా ఎడమపక్క ఇంటివాళ్ల పేరు వచ్చింది. దాని తర్వాత మా నాయన పేరు రావాలి. రాలేదు. కుడిపక్క ఇంటి పేరు పిలిచాడు. ఆమె పోవడంతో మమ్మల్ని తీసేశారని అనుకున్నాను. తప్పు వాళ్లదనలేను. నెలకోసారి వచ్చి పొగ పెట్టి పోయేవాడి ఇంటిని పొయ్యి అని ఎవరంటారు? లేచి పోదామనుకుంటూనే కోటు గుండీ పెట్టి తీస్తూ కూర్చున్నాను.

పేర్లన్నీ అయిపోయాయి. చాప మీద ఒక్క పోగు మిగిలింది. తాత కర్ర మీద ఆనుకొని మా అత్త పేరు పిలిచాడు.

మా పల్లెలో ఆడమనిషి పేరు మీద పోగు పిలవడం నేను పుట్టిన తర్వాత వినలేదు. మా నాయన పేరు కోసం చెవులు రిక్కించుకొని కూర్చున్నవాణ్ణి, పలకలేకపోయాను. తాత మళ్లీ పిలిచాడు. పక్కనున్న మనిషి నన్ను మోచేత్తో పొడిచాడు.

"అయ్యవారూ, మీ పొయ్యే. పలకండి."

"ఉండాం" అన్నాను.